అక్క నింపలేకపోయిన ఫారం

అక్క నాకు రక్తసంబంధీకురాలు కాదు. విడవలూరులో మేము వెళ్ళే చర్చిలో చిన్నప్పటినుంచీ పరిచయం. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. చిన్నతనంలో జ్వరం వచ్చి చూపు పోయింది. హాస్టల్లో ఉంటూ అంధుల పాఠశాలలో చదివి, డిగ్రీ చేసి, బీఈడీ కూడా పూర్తిచేసి ఊరికి తిరిగొచ్చింది. తల్లితో కలిసి ఉంటూ పదో తరగతి పిల్లలకు సోషల్ ట్యూషన్ చెప్పేది. పెద్ద అట్ట మీద కొబ్బరి తాడు అతికించి కోస్తా తీరం మొత్తం తయారుచేసుకుంది. పులికాట్ దగ్గర తాడు లోపలికి మడత పడి ఉండేది. చూపున్న పిల్లల్నే కళ్ళు మూసుకోమని, వాళ్ళ వేళ్ళు పట్టుకుని ఆ తాడు వెంట నడిపించేది.

నేను నెల్లూరులో ఒక చిన్న కంపెనీలో వెబ్‌సైట్లు తయారుచేసేదాన్ని. బట్టల షాపు పై అంతస్తులో రెండు గదులు, ఐదుగురం మనుషులం. ఆదివారాలు బస్సెక్కి ఊరికి వెళ్ళేదాన్ని. మా చర్చికి నేనే ఒక సైటు చేసిపెట్టాను. చేసినందుకు పాస్టరు గారు ఆరాధనలో నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. ఆ గర్వంతోనే ఆ మధ్యాహ్నం అక్క ఇంటి వరండాలో కూర్చుని, "నీ ఫోన్లో తెరిచి చూడు అక్కా" అన్నాను.

అక్క ఫోన్లో తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉంది. అది ఎంత వేగంగా చదువుతుందంటే మామూలు చెవికి పిచ్చుకల గోలలా ఉంటుంది. అక్క వేలితో తెర మీద పక్కకి తోస్తూ పోయింది. ఫోను చదివింది: బటన్. బటన్. పేరులేని బటన్. చిత్రం. పేరులేని బటన్.

"ఏంది మే, నీ సైటంతా బటన్ల అంగడేనా?" అని పకపకా నవ్వింది. "ఏ బటన్ నొక్కితే ఏమవతాదో రాసి పెట్టలేదా? బైబిలు వాక్యం యాడుండాది, పాటలు యాడుండాయి?"

నేను ఆ బటన్లకు అందమైన బొమ్మలు పెట్టాను. శిలువ, పుస్తకం, గంట. వాటికి వెనకాల ఒక్క మాటైనా రాయాలని నాకు అప్పటిదాకా తట్టలేదు. నేర్పినవాళ్ళు లేరు, అడిగినవాళ్ళు లేరు. ఆ వారమంతా కూర్చుని రాశాను. తర్వాతి ఆదివారం అక్క మళ్ళీ తెరిచింది, నేరుగా పాటల దగ్గరికి వెళ్ళింది, ఒక పాట పెట్టింది. పాటతో పాటు పాడుతూ కూర్చుంది. నా వృత్తిలో నాకు దొరికిన అసలైన మెప్పు అదొక్కటేనని ఇప్పటికీ అనుకుంటాను.

అప్పటినుంచి నేను ఏ సైటు చేసినా ముందు అక్కకు పంపేదాన్ని. తప్పు చేసిన చోటల్లా వాయిస్ మెసేజ్ వచ్చేది. "తప్పు రాస్తే ఆ గడి ఎర్రగా అవతాదా? ఎర్రగా ఉందని నాకెట్ట తెలిసేది మే? మాటల్తో చెప్పించు." "పుట్టిన తేదీకి క్యాలెండరు పెట్టినావు. ఒక్కో నెలా ఎనక్కి పోతా ఉండా. నేను పుట్టిన నెలకు పొయ్యేలోపల మళ్ళీ పుట్టొచ్చు." అలా నేర్పింది. కోప్పడేది, వెక్కిరించేది, వదిలిపెట్టేది కాదు.

మా కంపెనీకి పెద్ద పని ఒకటి వచ్చింది. బడులూ కాలేజీలూ నడిపే ఒక ట్రస్టు కొత్తగా టీచర్లను తీసుకుంటోంది. దరఖాస్తులన్నీ ఆన్‌లైన్లోనే. అందులో సూళ్లూరుపేట వైపు ఉన్న రెసిడెన్షియల్ బడిలో సోషల్ టీచరు పోస్టు ఒకటి చూపులేని వాళ్ళకే కేటాయించారు. నలభై ఏళ్ళు దాటి ఉండకూడదు. ఆ సంగతి నేనే అక్కకు ఫోను చేసి చెప్పాను. అక్కకు అప్పుడు ముప్పై తొమ్మిది.

"నిజమేనా మే?" అంది. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు.

సైటు చూపులేని వాళ్ళకు కూడా పనిచేయాలని ట్రస్టు వాళ్ళే ఒప్పందంలో ఒక వాక్యం రాశారు. ఆ వాక్యం చూపించి, మా కంపెనీ నడిపే సార్ దగ్గర అనుమతి తీసుకున్నాను. ఆరు వారాలు ఆ ఫారం మీద పనిచేశాను, అక్క ఆరు వారాలు దాన్ని పరీక్షించింది. పోస్టుకు దరఖాస్తు చేయబోయే మనిషి ఫారాన్ని పరీక్షించడం తప్పేమో అని నేనడిగితే, "ఫారం తలుపు గదా. తలుపు తెరుచుకుంటదా లేదా చూస్తుండా, లోపలి వస్తువు తీసకపోవడంలా" అంది. చివరికి ఒకరి సాయం లేకుండా మొదటి గడి నుంచి చివరి బటన్ దాకా పదకొండు నిమిషాల్లో వెళ్ళగలిగింది. వాళ్ళమ్మ ఆ రోజు మాకిద్దరికీ చేపల పులుసు పెట్టింది. పెట్టి, "ఉద్యోగం వచ్చినట్టేనా?" అని అడిగింది. ఇద్దరం నవ్వాం.

ప్రారంభోత్సవానికి రెండు రోజుల ముందు ట్రస్టు తరఫున ఒక అధికారి వచ్చాడు. సైటు చూసి మొహం చిట్లించాడు. "ఏంటండీ ఇంత చప్పగా ఉంది? రేషన్ కార్డు ఫారంలాగా. కదలాలి, మెరవాలి. ఇంకోటి, దొంగ దరఖాస్తులు రాకుండా ఆ బొమ్మల పజిల్ పెడతారే, అది పెట్టండి."

బొమ్మల పజిల్ అంటే అందరికీ తెలిసిందే. తొమ్మిది గళ్ళ ఫోటో చూపించి, ట్రాఫిక్ లైట్లున్న గళ్ళన్నీ నొక్కు అంటుంది. నొక్కితే నువ్వు మనిషివని నమ్ముతుంది. అక్క ఫోను ఆ తొమ్మిదింటినీ ఒకేలా చదువుతుంది: చిత్రం, చిత్రం, చిత్రం.

అధికారి వెళ్ళాక నేను మా సార్‌తో అన్నాను. "సార్, అది పెడితే చూపులేనివాళ్ళు దాటలేరు. వినిపించే పద్ధతి కూడా ఉంటది, అదన్నా పక్కన పెడదాం. నాలుగు రోజులు ఇవ్వండి."

"నాలుగు రోజులా? ఎల్లుండి ఫంక్షన్. ముందు ఇది గడవనీ, తర్వాత చూద్దాంలే." ఆయన చెడ్డవాడు కాదు. నా పెళ్ళికి కుటుంబంతో వచ్చాడు. "పైగా చక్రాల కుర్చీ బొమ్మ ఉన్న బటన్ ఒకటి రెడీమేడ్‌గా దొరుకుతుంది గదా. అది అతికించు. అక్షరాలు పెద్దవవుతాయి, రంగులు మారతాయి. అడిగినవాళ్ళకు అది చూపిద్దాం."

నేనే అతికించాను. ఒక్క వరుస కోడ్. పేజీ మూలన నీలం గుండ్రంలో బొమ్మ వచ్చి కూర్చుంది. ఆ బటన్ వల్ల అక్కకు ఒరిగేదేమీ లేదని ఆ ఆఫీసులో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. కదిలి మెరిసేలా ట్రస్టు పంపిన కొత్త పేజీల అచ్చు, టెంప్లేట్, కూడా నేనే ఎక్కించాను. అందులో మేం దిద్దుకున్నవి సగం పోయాయి. వైకల్యం అని అడిగే గడిలో ముందుగా 'లేదు' అనే మాట తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. మేం తయారుచేసిన ఫారంలో అక్కడ 'ఎంచుకోండి' అని ఉండేది. గమనించాను. ప్రారంభమయ్యాక మారుద్దాంలే అనుకున్నాను.

అక్కకు మాత్రం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని చాలాసార్లు ఆలోచించాను. చెబితే ఏదో ఒకటి చెయ్యమంటుంది. చెయ్యాలంటే సార్‌తో పోట్లాడాలి. నాకు పోట్లాట అంటే భయం. అంతే, ఇంతకంటే గొప్ప కారణం ఏదీ నాకు దొరకలేదు.

నెల్లూరులో ఒక కల్యాణ మండపంలో ఫంక్షన్. ట్రస్టు వాళ్ళు అక్కను వేదిక మీదికి పిలిపించారు. ఆ ఉపాయం మా సార్‌దే. కారు పంపి తీసుకొచ్చారు. లేత నీలం చీర కట్టుకుని వచ్చింది, రంగు బాగుందా అని నన్నడిగింది. బాగుందన్నాను. శాలువా కప్పారు. "ఈ సోదరి స్వయంగా పరీక్షించిన వెబ్‌సైట్ ఇది" అని మైకులో చెప్పారు. బటన్ నొక్కి ప్రారంభించమన్నారు. ల్యాప్‌టాప్ మీద ఎంటర్ ఎక్కడుందో అక్కకు నాకంటే బాగా తెలుసు. అయినా ఫోటో కోసం నన్ను పక్కన నిలబడి చెయ్యి పట్టుకోమన్నారు. పట్టుకున్నాను. ఆమె వేలిని బటన్ మీద పెట్టాను. చప్పట్లు మోగాయి. అక్క నా వైపు వంగి, "చెమట పడతా ఉండాది మే నీ చెయ్యి. భయమెందుకు? మనం గట్టిగా చేసినాం గదా" అంది.

మూడో రోజు పొద్దున పది గంటలప్పుడు అక్క ఫోను వచ్చింది. నేను ఎత్తలేదు. మళ్ళీ వచ్చింది. మీటింగులో ఉన్నాను, తర్వాత చేస్తానని మెసేజ్ పెట్టాను. మీటింగ్ ఏమీ లేదు. మధ్యాహ్నానికి వాయిస్ మెసేజ్ వచ్చింది.

"మే, అంతా నింపినా. చివర్లో ఏందో చిత్రం చిత్రం అంటా ఉండాది. ట్రాఫిక్ లైట్లు యాడుండాయో చెప్పమంటది. మన ఊళ్ళో చూపున్నోళ్ళకే దొరకవు గదా ట్రాఫిక్ లైట్లు!" నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "ఇది ముందు లేదు గదా. ఎవురన్నా మార్చినారేమో చూడు" అంది.

ఎవరో మార్చారేమో చూడమని నన్నే అడిగింది. నేను సార్ దగ్గరికి వెళ్ళాను. "దరఖాస్తులు వస్తుంటే సైటు ముట్టుకోవద్దు. ఒక్కమనిషి కోసమేగా. నువ్వే వెళ్ళి ఆమె ఫారం నింపేసి రా" అన్నాడు. అదీ నిజమే అనిపించింది. ఆదివారం వచ్చి చూస్తానని అక్కకు మెసేజ్ పెట్టాను. ఆ రోజు మంగళవారం. గడువు శనివారం సాయంత్రంతో ముగుస్తుందని నాకు గుర్తులేదు. ఆ గడువు తేదీని పేజీ పైన పెద్ద అక్షరాల్లో రాసింది నేనే.

అక్కకు గుర్తుంది. శుక్రవారం దాకా నా కోసం చూసి, వాళ్ళమ్మను తోడు తీసుకుని ఊళ్ళోని నెట్ సెంటరుకు వెళ్ళింది. సెంటరు నడిపే ఆయన మంచివాడే, ఊరందరి ఫారాలూ ఆయనే నింపుతాడు. ఆ రోజు రైతులు పంట బీమా కాగితాలతో బారుగా నిలబడి ఉన్నారు. ఖాళీగా ఉన్న గళ్ళు ఒక్కొక్కటీ అడిగి, అక్క చెబుతుంటే గబగబా కొట్టాడు. ట్రాఫిక్ లైట్ల గళ్ళు ఆయనే నొక్కాడు. ముందే నిండి ఉన్న గడిని ఆయన పట్టించుకోలేదు, ఎవరైనా పట్టించుకోరు. ఫారం వెళ్ళిపోయింది. రసీదు ప్రింటు తీసి ఇచ్చాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక నేను వెళ్ళేసరికి అక్క ఆ కాగితాన్ని బైబిల్లో పెట్టి ఉంచింది. నా చేతికిచ్చింది. "చదువు మే. అన్నీ కరెక్టుగా ఉండాయా?"

చదివాను. పేరు, తండ్రి పేరు, చదువు, మార్కులు. వైకల్యం: లేదు.

ఆ చివరి మాట పైకి చదవలేదు. అక్కకు వెంటనే తెలిసిపోయింది. మనుషులు ఎక్కడ ఆగుతారో వినడమే ఆమె చూపు.

"ఏంది? ఏం రాసుండాది?"

చెప్పాను. అక్క ఊపిరి పీల్చుకుని, "సరే, మార్చచ్చు గదా" అంది.

"ఒకసారి పంపితే మార్చడానికి లేదక్కా. వాళ్ళు అట్ట పెట్టమన్నారు."

"పెట్టింది?"

"నేనే."

వాళ్ళమ్మ లోపల అంట్లు తోముతోంది. ఇక దాచడం చేతగాక మిగతాదంతా చెప్పేశాను. అధికారి వచ్చింది, పజిల్ పెట్టమన్నది, కొత్త టెంప్లేటు నేనే ఎక్కించింది, నీలం బటన్. అక్క మొత్తం విన్నది.

"స్టేజీ మీద నా పక్కన నిలబడినప్పుడు నీకు తెలుసునా ఇదంతా?"

"తెలుసు."

"తెలిసే నా చెయ్యి పట్టుకోని బటన్ మీద పెట్టినావు."

నేను ఏడ్చాను. "సారీ అక్కా" అన్నాను. అప్పుడు ఏడ్చే హక్కు నాకు లేదని ఇప్పుడు తెలుస్తోంది. అక్క ఏడవలేదు. "ఆ మనిషి తెలవక పజిల్ పెట్టించినాడు. మీ సారుకు పని కావాల. వాళ్ళతో నాకేం పనిలే. నీకు నేను నేర్పినాను మే. ఒక్కోటీ చెప్పి చెప్పి నేర్పినాను" అంది. తర్వాత లేచి లోపలికి వెళ్ళింది. నేను చాలాసేపు వరండాలో కూర్చుని బస్సుకు వచ్చేశాను.

మర్నాడు ట్రస్టు ఆఫీసుకు వెళ్ళి అదే అధికారిని కలిశాను. జరిగింది చెప్పాను. "సిస్టమ్ ఒప్పుకోదమ్మా" అన్నాడు. తర్వాత చిన్నగా నవ్వి, "సిస్టమ్ చేసింది మీరేగదా, మీకు తెలియదా?" అన్నాడు.

నాకు తెలుసు. ఆఫీసుకు తిరిగొచ్చి దరఖాస్తుల పట్టిక తెరిచాను. అక్క వరుస దొరికింది. 'లేదు' అన్న మాట చెరిపి 'ఉంది' అని రాస్తే చాలు, ఎవరికీ తెలిసేది కాదు. కానీ పరులు పంపిన వివరాలు దొంగచాటుగా మార్చకూడదు, అది నా వృత్తిలో నేరం. ఆ మాట నాకు నేను చెప్పుకున్నాను. నిజాయితీ అని దానికి పేరు పెట్టుకున్నాను. నిజాయితీ అంత ముఖ్యమైతే ఆ వేదిక మీదే నోరు తెరిచి ఉండేదాన్ని. పట్టిక మూసేసి మా సార్‌కు ఒక మెయిల్ పెట్టాను, వివరాలు సరిదిద్దడానికి ట్రస్టు నుంచి అనుమతి అడగమని. ఆయన మెయిల్ చూసినట్టు తెర మీద గుర్తు కనిపించింది, జవాబు రాలేదు.

జాబితా వచ్చింది. కేటాయించిన పోస్టుకు అర్హులైన అభ్యర్థులు లేనందున దానిని జనరల్‌కు మార్చారు. ఎంత పద్ధతిగా రాశారో ఆ వాక్యం. ఆ జాబితాను సైటులో పెట్టింది కూడా నేనే. అదే వారం ప్రారంభోత్సవం ఫోటోను మొదటి పేజీలో పెట్టమన్నారు. శాలువా కప్పుకున్న అక్క, పక్కన నేను. ఫోటో పెడితే చూపులేనివాళ్ళ కోసం దాని వెనక వివరణ రాయాలి, అది అక్క నేర్పిన పద్ధతే. కర్సర్ ఆ గడిలో మిణుకుమంటూ ఉంది. చాలాసేపటికి 'సైటు ప్రారంభోత్సవం' అని రెండు మాటలు రాసి వదిలేశాను.

రెండు వారాల తర్వాత అక్క ఫోను చేసింది. నెల్లూరులో వికలాంగుల సంఘం వాళ్ళు ట్రస్టుకు ఫిర్యాదు పెడుతున్నారని చెప్పింది. "నీ సారీతో నాకు పని లేదు మే. ఏం జరిగిందో కాయితం మీద రాసి సంతకం పెట్టియ్యి. ఎవురు ఏం మార్చమన్నారు, ఎవురు మార్చినారు, అన్నీ. ఇస్తావా ఇవ్వవా?"

"ఇస్తాను" అన్నాను. ఇవ్వడానికి నాకు ఇరవై రోజులు పట్టింది. రాయడం, చింపడం. ఒకసారి మా సార్ పేరు తీసేశాను, మళ్ళీ చేర్చాను. ఒకసారి నా పేరే తీసేసి 'సిబ్బంది' అని రాశాను. చివరికి ఉన్నదున్నట్టు రాసి సంఘం ఆఫీసులో ఇచ్చి వచ్చాను. సార్‌కు తెలిసింది. కేకలు వెయ్యలేదు. "నీ సిస్టమ్‌లో ఉన్నవన్నీ కాపీ చేసి ఇచ్చి వెళ్ళు" అన్నాడు.

ట్రస్టు జవాబు పంపింది. సాంకేతిక లోపాన్ని సవరించామని, ఎంపిక ప్రక్రియ పూర్తయినందున ఏమీ చేయలేమని రెండు వాక్యాలు. పజిల్ నిజంగానే తీసేశారు. అది తీయడానికి పది నిమిషాలు పట్టి ఉంటుంది. ఆ తర్వాత కొద్ది నెలలకు అక్కకు నలభై నిండాయి. అలాంటి పోస్టు మళ్ళీ రాలేదు.

ఇప్పుడు నేను ఇంట్లోనే కూర్చుని సైట్లు చేస్తున్నాను. కల్యాణ మండపాలు, నర్సరీలు. అల్లూరులో రొయ్యల మేత అమ్మే ఒకాయన నేను ప్రతి బటన్‌కూ పేరు రాయడం చూసి, "కళ్ళు కనపడనోళ్ళు రొయ్యల గుంటలేస్తారా ఏందమ్మా?" అని నవ్వాడు. నేను వాదించలేదు. ఇప్పటికీ వాదించడం నేర్చుకోలేదు. ఆయన వెళ్ళాక మిగిలిన బటన్లకు కూడా రాశాను. అందరికీ అలాగే చేస్తానని మాత్రం చెప్పలేను. తొందరపెట్టిన చోట వదిలేసినవి ఉన్నాయి.

చర్చిలో అక్క కనిపిస్తుంది. "వందనాలండి" అంటుంది. అందరితోనూ అనేదే. ఒకసారి దగ్గరికి వెళ్ళి, కొత్త సైటు ఒకటి ఉంది, పరీక్షిస్తావా అక్కా అని అడిగాను. "మీరు వేరేవాళ్ళను చూసుకోండి" అంది. నా పుట్టుక నుంచి ఎరిగిన మనిషి నన్ను మీరు అంది. అందులో కోపం కూడా లేదు.

ట్యూషన్ ఇప్పుడు ఫోన్లోనే చెబుతోంది, పక్క జిల్లాల పిల్లలకు కూడా. చూపులేని అభ్యర్థులందరినీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు నడుపుతోంది. ఉద్యోగాల సైట్లలో ఏది తెరుచుకుంటుంది, ఏది తెరుచుకోదు, ఎక్కడ ఆగిపోతుంది అని వారానికోసారి అక్క గొంతుతో ఒక మెసేజ్ వస్తుంది. వికలాంగుల సంఘంలో తెలిసినామె నాకు పంపుతూ ఉంటుంది. పోయిన నెల మెసేజ్‌లో, ఒక బడిలో ఉద్యోగాల కోసం నేను చేసిన సైటు ఒకటి వచ్చింది. ఫోటో ఎక్కించే చోట ఆగిపోతోందని చెప్పి, అక్క తర్వాతి సైటుకు వెళ్ళిపోయింది.